కమురుమెల్ల

సోమవారం, మధ్యాహ్నం

రాయి చెల్లీ. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నీ సొంత కవిత్వం కలపకు.

ఈ పుస్తకం ఎవరికీ చూపించడానికి కాదు. కొడుక్కి కాదు, కోడలికి అసలే కాదు. నాకు చదవడం రాదు కాబట్టి నాకు కూడా కాదు. ఇంతకన్నా రహస్యం ఎక్కడుంటుంది? అయినా రాయించాలి. ఈ ఇంట్లో నా మీద ఒక నేరం మోపారు. తీర్పు కూడా వాళ్ళే చెప్పేశారు. నా వాదన ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

రాసే ఆవిడ నా తోటికోడలు, అంటే మా మరిది భార్య. రైల్వేలో టికెట్ల కిటికీ వెనక కూర్చుని ఉద్యోగం చేసింది. అందుకే అక్షరాలు ఇరుకు, ఓపిక ఇంకా ఇరుకు. అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయాక, పోట్లాడుకోవడానికి ఒకరికొకరం మిగిలాం.

నేరం ఇది. పోయిన వారం పొయ్యి మీద పాలు పెట్టి, పక్క గదిలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. పాలు పొంగాయి. పొంగినవి ఇంకాయి. ఇంకినవి మాడాయి. గిన్నె నల్లగా అయింది, పొగ మెట్ల దాకా వెళ్ళింది. పక్కింటి దర్జీ మెడలో టేపుతో సహా పరిగెత్తుకొచ్చి తలుపు బాదాడు. తలుపు తీసి, "ఏమిటయ్యా, కొంప మునిగినట్టు?" అన్నాను. నా చేతిలో ఇంకా దుప్పటి అంచులున్నాయి.

మా కోడలు బీమా కంపెనీలో పనిచేస్తుంది. కాలిపోయిన ఇళ్ళ ఫొటోలు చూసి, మంట ఎక్కడ మొదలైందో తేల్చి రాయడం ఆమె ఉద్యోగం. పొద్దస్తమానం అవే చూసి చూసి, ఇంటికొచ్చాక మా వంటగది కూడా ఆమె కళ్ళకు ఫొటోలాగే ఆనుతుంది.

"అత్తయ్యా, పాలు పెట్టిన సంగతి మర్చిపోయారా?" అంది.

"మర్చిపోలేదు."

"గుర్తుంటే మరి ఎందుకు వెళ్ళలేదు?"

"వెళ్దామనే ఉన్నాను."

ఈ జవాబు అంత గట్టిగా లేదని నాకూ తెలుసు. ఇది రాయకు. చేయి కదులుతోందేమిటి, రాస్తున్నావా?

మర్నాటి నుంచి కోడలు ఆఫీసుకు వెళ్తూ వెళ్తూ పొయ్యి మీటలు ఊడబీక్కుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటోంది. దువ్వెన, గొడుగు, కళ్ళజోడు, మా పొయ్యి మీటలు. పొయ్యికి నాలుగు ఇనప కాడలు మిగిలాయి, బోడిగా. వాటిని చూస్తే నాకే సిగ్గేస్తోంది.

అక్కడితో ఆగలేదు. మా అబ్బాయి మతిమరుపు డాక్టరు దగ్గర వచ్చే సోమవారానికి నా పేరు రాయించాడు. "ఊరికే చూపిద్దాం అమ్మా" అన్నాడు. ఊరికే చూపించడానికి నేనేమన్నా కొత్త చీరనా?

నా మతికేమైంది? ఈ చెల్లి కొత్తగా ఈ ఇంట్లో కాలుపెట్టిన రోజు గడప దగ్గర ఏ చెప్పు తెగిందో అడగండి, చెప్తాను. కుడిది. ఎడమది అని గొణుగుతోంది. కుడిదే, రాయి.

ఒక్కసారి మతి లేదని పేరు పడితే ఇక ఏం చెప్పినా గాలికి పోతుంది. ఉప్పు వేశానన్నా ఇంకొకరు రుచి చూస్తారు. తలుపు వేశానన్నా ఇంకొకరు లాగి చూస్తారు. ఆ తర్వాత మనిషి ఇంట్లో ఉన్నట్టా, అలమరలో ఉన్నట్టా?

మంగళవారం

మనవరాలు గిన్నె మాడ్చింది. అది మాడిస్తే నేర్చుకోవడమట. నేను మాడిస్తే మతిమరుపు.

సంగతేమిటంటే, వీధి చివరి బేకరీలో ఉద్యోగం అడగడానికి వెళ్ళింది. బేకరీ ఆయన దీని కాగితాల వైపు కూడా చూడలేదట. "శనివారం సాయంత్రం షాపు మూసేలోగా ఇంట్లో నీ చేత్తో చేసినది ఒక ట్రే పట్టుకురా. తిన్నాక మాట్లాడదాం" అన్నాడట. మనిషి తెలివైనవాడే. ఇదేమో రవ్వలడ్డుల్లాంటి సులువైనది చేసుకుపోకుండా, క్యారమెల్ చాక్లెట్ చిప్ కుకీలట, అవి పట్టుకుపోతానని కూర్చుంది.

సాయంత్రం కోడలు ఇంట్లో ఉండగా, మీటలు పొయ్యికి ఉండగా, చక్కెర బాణలిలో పోసి కరిగించింది. ఒకసారి గడ్డకట్టింది. ఇంకోసారి తారులాగా అయింది. మూడోసారి ఫోన్లో ఎవరో చేస్తుంటే చూస్తూ తన బాణలి చూడటం మర్చిపోయింది. ఎవరూ దీన్ని డాక్టరుకు చూపిద్దామనలేదు.

"ఏమిటే అసలు, ఏం చేయబోతున్నావు?" అని అడిగాను.

"క్యారమెల్, నానమ్మా."

"కమురుమెల్లా?"

"క్యా-ర-మెల్."

"అదే నేనన్నది. కమురుమెల్ల. పేరులోనే చెప్పారు కదే, మెల్లగా కమరాలి అని. నువ్వేమో చితికి పెట్టినట్టు పెట్టావు మంట."

పడీ పడీ నవ్వింది. "అది తెలుగు మాట కాదు నానమ్మా!"

"మరి నాకెలా అర్థమైంది?"

ఇదీ వాదనంటే. రాయి.

తర్వాత వివరంగా చెప్పింది. చక్కెర కరిగి తేనె రంగు దాటి ఎర్రబడుతుంది. అప్పుడు వెన్న వేయాలి, మీగడ పోయాలి, చిటికెడు ఉప్పు వేయాలి. చల్లారాక గట్టిపడితే ముక్కలు కోసి, చాక్లెట్ పలుకులతోపాటు పిండిలో కలిపి ఓవెన్‌లో పెట్టాలి. బిస్కెట్లలో ఉప్పేమిటి అన్నాను. బిస్కెట్లు కాదు, కుకీలు అంది. తేడా ఏమిటి అన్నాను. కుకీ మధ్యలో మెత్తగా ఉంటుంది అంది. అంటే సరిగ్గా కాలని బిస్కెట్టు అన్నమాట.

"రంగును నమ్మలేం నానమ్మా, ఈ బాణలి అడుగు నలుపు. వాసనే గుర్తు. వేయించిన పల్లీల్లాంటి వాసన గుప్పున వస్తుంది, ఆ క్షణాన వెన్న పడాలి. దాటితే చేదు. నాకు ఆ క్షణం దొరకట్లేదు. నీ ముక్కు నాకుంటేనా!"

ఇక్కడ నా ముక్కు గురించి రాయాలి. మెట్ల మీద నిలబడి ఏ ఇంట్లో పాలు విరిగాయో, ఎవరి బియ్యానికి పురుగు పట్టిందో చెప్పేదాన్ని. ఈ భవనం మొత్తం నన్ను ముక్కమ్మ గారనే పిలుస్తుంది. అసలు పేరు పోస్టుమేన్‌కు కూడా తెలియదు.

నాకు రోషం వచ్చింది. కోడలి వైపు తిరిగాను.

"ఇదిగో అమ్మాయ్. శనివారం ఆ కమురుమెల్ల నేను చేస్తాను, అందరి ముందూ. మాడిందా, నోరు మూసుకుని ఆ డాక్టరు దగ్గరికి వస్తాను, పొయ్యి వైపు కన్నెత్తి చూడను. మాడలేదా, మీటలు నాకిచ్చెయ్యాలి. మతిమరుపు మాట ఈ ఇంట్లో వినపడకూడదు."

కోడలు వెంటనే, "సరే అత్తయ్యా" అంది.

ఇంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. నేను ఇంకా రెండు మాటలు సిద్ధం చేసుకున్నాను.

చెల్లి ఎందుకో కలం ఆపి నా మొహంలోకి చూస్తోంది. ఏమిటే చూపు? రాయి.

బుధవారం

ఇల్లు ఖాళీ అయ్యాక ఇద్దరం సాధన మొదలుపెట్టాం. మీటలు లేవు. ఐతేనేం, పటకారు ఉంది. గిన్నెలు దించే పటకారుతో ఇనప కాడ పట్టుకుని తిప్పితే గ్యాస్ బుస్సుమంది. చెల్లి లైటర్ పట్టుకుని, "అక్కా, మనం దొంగలమా?" అంది. "మన ఇంట్లో మన పొయ్యి వెలిగించుకోవడం దొంగతనమా? నొక్కు" అన్నాను.

చక్కెర కరిగింది. తేనె రంగు వచ్చింది. ఆ నల్ల బాణలిలో ఆ తర్వాతి రంగు నిజంగానే తెలియదు.

"వచ్చిందా అక్కా?" అంది చెల్లి.

"ఇంకా లేదు."

"ఇప్పుడో?"

"కంగారు పెట్టకు. రాలేదు."

"అక్కా..."

"రాలేదంటే రాలేదు!"

చూస్తే చెల్లి కళ్ళ వెంట నీళ్ళు. దగ్గుతూ కిటికీ తెరుస్తోంది. బాణలిలో బొగ్గు.

చక్కెర మంచిది కాదు, అందుకే అలా అయింది. ఈ మధ్య చక్కెరలో ఏం కలుపుతున్నారో ఏమో. ఇది రాయి. ముఖ్యం.

తువ్వాళ్ళు పట్టుకుని ఇద్దరం వంటగదిలో పొగను తోలాం. బయటి నుంచి ఎవరైనా చూస్తే నాట్యం నేర్చుకుంటున్నారనుకునేవారు. తోమే వీలు దొరికేదాకా బాణలిని అలమరలో దుప్పట్ల వెనక దాచాం. సాయంత్రం కోడలు గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చింది.

"ఏదో మాడిన వాసన వస్తోంది."

"దర్జీ ఇస్త్రీ పెట్టె" అన్నాను. "ఎవరి చొక్కానో మాడ్చినట్టున్నాడు. ఆ మనిషికి చేసే పని మీద ధ్యాస ఉండదు."

"మీకెప్పటి నుంచి వస్తోంది అత్తయ్యా వాసన?"

"పొద్దుటి నుంచీ" అన్నాను. చెల్లి గట్టిగా తుమ్మింది.

గురువారం

దర్జీ పొద్దున్నే మైదా సంచితో వచ్చాడు. ఇస్త్రీ సంగతి అతని చెవిన ఇంకా పడలేదు.

"ముక్కమ్మ గారూ, ఇంట్లో పిల్లలు కేకు కావాలని ఒకటే గొడవ. ఈ పిండి ఎప్పటిదో. పనికొస్తుందా, పారేయమంటారా?"

సంచిలో తల పెట్టి గట్టిగా పీల్చాను. కళ్ళు మూసుకుని కాసేపు ఆగాను. అలా ఆగితేనే వాళ్ళకు నమ్మకం.

"బంగారంలాంటి పిండి. నిక్షేపంగా చేసుకో" అన్నాను.

సాయంత్రం మళ్ళీ వచ్చాడు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కేకు ముక్క. కొరికిన గుర్తు ఒక్కటే ఉంది.

"ఏమోనండీ, మా ఇంట్లో ఎవరూ రెండో ముద్ద తినలేదు. గోనెసంచి నములుతున్నట్టుందట. మీరు చూసినదే కదాని చేశాం" అన్నాడు. కోపంగా అనలేదు. మెల్లగా, నొచ్చుకుంటూ అన్నాడు. అరిచినా బాగుండేది.

ఇదీ నా వాదన, రాయి. నేను చూసినప్పుడు పిండి శుభ్రంగానే ఉంది. అతను ఇంటికి తీసుకెళ్ళాక, తడి చేయి తగిలి, ముక్కిపోయింది.

రాశావా? ఏదీ, చదువు.

"నేను చూసినప్పుడు పిండి శుభ్రంగానే ఉంది. ముక్కు పోయింది."

నేనన్నది అది కాదు. ముక్కిపోయింది అన్నాను.

"నేనూ అదే రాశాను అక్కా. ముక్కు పోయింది."

ముక్కి! ముక్కి పోయింది! పిండి!

"పిండి కాదు అక్కా" అంది. కలం మూత పెట్టేస్తోంది.

శుక్రవారం, పొద్దున

ఈ రోజు రాయించడానికి ఏమీ లేదు.

శుక్రవారం, సాయంత్రం

ఉంది. రాయి.

"ఎప్పటి నుంచి?" అని అడిగింది చెల్లి. ఏది ఎప్పటి నుంచి అన్నాను. కదలకుండా కూర్చుంది. టికెట్ల కిటికీ వెనక కూర్చున్నప్పుడు కూడా ఇలాగే కూర్చునేదేమో. చిల్లర ఇచ్చేదాకా కదలని రకం.

వానల్లో జలుబు చేసింది కదా, అప్పటి నుంచి. జలుబు పోతూ పోతూ తన సామానుతోపాటు నా సామాను కూడా సర్దుకుపోయింది. మొదట కాఫీ వేడినీళ్ళలా అయింది. పొడి మంచిది కాదనుకున్నాను. తర్వాత సబ్బు. కంపెనీవాళ్ళు మోసం చేస్తున్నారనుకున్నాను. తర్వాత మనవరాలి తల. చిన్నప్పుడు దాని నడినెత్తిన ముక్కు పెడితే ఎండలో ఆరేసిన బట్టల వాసన వచ్చేది. మొన్న దగ్గరికి లాక్కుని ముక్కు పెట్టాను. ఏమీ లేదు. దాని షాంపూని తిట్టాను.

పాలు అందుకే మాడాయి. నాకు పాలు గుర్తున్నాయి. పొంగేముందు వాసన వస్తుంది, వచ్చాక లేద్దాంలే అని కూర్చున్నాను. ఇన్నేళ్ళూ అలాగే లేచాను. గడియారం ఎప్పుడు చూశాను గనక?

"మరి చెప్పొచ్చు కదా అక్కా, మతి కాదు ముక్కు అని!"

"చెప్పి? ముక్కు లేని ముక్కమ్మను ఏమని పిలుస్తారే?"

నవ్వుదామనుకుంది, ఆపుకుంది. తర్వాత ఆపుకోలేకపోయింది. నాకూ వచ్చింది నవ్వు. కాసేపు ఇద్దరం మంచం మీద పడి, బుర్ర లేని వాళ్ళలా నవ్వాం. కొంచెం ఏడ్చాం కూడా. ఏడ్చింది అది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అంతే. అలాగే రాయి.

ఇక ఉపాయం. రేపు చెల్లి వంటగది గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. పల్లీల వాసన గుప్పుమనగానే ఒక్కసారి దగ్గుతుంది. నేను వెన్న వేస్తాను. చేయి నాది, ముక్కు దానిది. మోసం కాదు, ఉమ్మడి కుటుంబం.

తలుపు వేసి దగ్గు సాధన చేయించాను. మొదటి దగ్గు మరీ నాటకంలా ఉంది. రెండోది నయం.

శనివారం

ఎక్కడ మొదలుపెట్టాలి? దగ్గు దగ్గర మొదలుపెడతాను.

కాదు, మీట దగ్గర. మధ్యాహ్నం అందరూ వంటగదిలో చేరారు. మా అబ్బాయి పేపరు అడ్డం పెట్టుకుని కిటికీ పక్కన నిలబడ్డాడు. పేపరు తలకిందులుగా ఉంది. కోడలు బ్యాగులోంచి ఒకే ఒక్క మీట తీసి, కాడకు బిగించి, చేతులు కట్టుకుని పక్కకు జరిగింది. మిగతావి బయటికి కూడా తీయలేదు. చెల్లి కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుంది. మనవరాలు పిండి, వెన్న, గుడ్డు అన్నీ కలిపి ముద్ద ఫ్రిజ్‌లో పెట్టుకుంది. కమురుమెల్ల ఒక్కటే బాకీ. మీగడ ఈ ఒక్క గిన్నెడే మిగిలింది, మిగతాదంతా దాని సాధనకే అయిపోయింది. మళ్ళీ తెచ్చి చేసేంత పొద్దు లేదు.

"ఇదొక్కటే నానమ్మా. ఇది పోతే ఈ రోజు ట్రే లేదు" అంది. అని నవ్వింది. ఆ నవ్వు నిలకడగా లేదు.

"మెల్లగా కమరనీ" అన్నాను. సన్నమంట పెట్టాను. చక్కెర పోశాను.

అంచులు కరిగాయి. మధ్యలోకి పాకాయి. తేనె రంగు వచ్చింది. అప్పుడు మనవరాలు ఏ శకునాన లేచిందో, చాక్లెట్ పలుకులు పిండిముద్దలో అడుక్కి దిగకూడదని వాటి మీద ఇంత పొడి మైదా చల్లి గిన్నెను ఊపింది. ఆ పిండి లేచి సరాసరి చెల్లి ముక్కులోకి పోయింది.

చెల్లి దగ్గింది.

నా చేయి వెన్న మీదికి పోయింది. కానీ బాణలిలో రంగు చూస్తే ఇంకా లేతగా ఉంది. చెల్లి వైపు చూశాను. కాదు కాదు అని తల ఊపుతూ మళ్ళీ దగ్గింది. ఇది ఆ దగ్గు కాదు అని చెప్పడానికి ఇంకోసారి దగ్గింది. మా అబ్బాయి పేపరు పారేసి, "పిన్నీ, నీళ్ళు, నీళ్ళు!" అంటూ గ్లాసు పట్టుకుని పరిగెత్తాడు. నీళ్ళు పొలమారాయి. ఇక ఏ దగ్గు మైదాది, ఏది నీళ్ళది, ఏది చక్కెరది, దేవుడికే తెలియాలి.

బాణలిలో చక్కెర నల్లటి అడుగులో కలిసిపోయింది. ఏ రంగో తెలియదు. బుడగలు వస్తున్నాయి. నాకేమీ రావట్లేదు. వేడి వస్తోంది, అంతే.

"నానమ్మా, వచ్చిందా?" అంది మనవరాలు. వెన్న గిన్నె పట్టుకుని, నోరు తెరుచుకుని, చిన్నప్పుడు ముద్ద కోసం చూసినట్టు నన్నే చూస్తోంది. దాని ముక్కును అది నమ్మదు. నా ముక్కును నమ్ముతుంది. లేని ముక్కును.

ఇక్కడ నేను ఎంతసేపు ఆలోచించానని నన్ను అడగకు చెల్లీ. ఆలోచించలేదు.

"కోడలా, ఇలా రా! నాకు రావట్లేదు."

"ఏం రావట్లేదు అత్తయ్యా?"

"వాసన! వానాకాలం జలుబు నుంచి ఏ వాసనా రావట్లేదు నాకు. తర్వాత తిడుదువు గానీ, ముందు ముక్కు పెట్టు ఇక్కడ!"

కోడలు కట్టుకున్న చేతులు విప్పడం నేను చూడలేదు. ఒక్క అంగలో నా పక్కనుంది. బాణలి మీదికి వంగింది. కాలిన ఇళ్ళు చూసే మనిషి కదా, నిప్పు దగ్గర దాని మొహం మారిపోయింది. కళ్ళు సగం మూసింది. ఒక చేత్తో నా భుజం పట్టుకుంది.

"ఇంకా... ఇంకా లేదు... ఆగండి... ఆగండి... ఇప్పుడు!"

వెన్న పడింది. బాణలి బుస్సున పొంగింది. నేను గరిటె ఆపలేదు. మీగడ పోశాను, ఉప్పు చల్లాను, తిప్పాను. చేతికి ఏ జలుబూ చేయలేదు, చేయి దాని పని అది చేసింది. దించాను. పాకం గరిటె మీది నుంచి జారుతోంది, మెరుస్తోంది, ఎర్రటి ఇత్తడిలాగా.

గరిటె పక్కన పెట్టాను. చెల్లి దగ్గు కూడా ఆగింది.

"ముక్కా?" అంది కోడలు. "పోయింది ముక్కా అత్తయ్యా? మతి కాదా?"

"మతి నిక్షేపంగా ఉంది. నువ్వు బ్యాగులో వేసుకుపోయిన మీటల్లో ఒకదాని అంచు పగిలింది, అది కూడా గుర్తుంది."

కోడలు అక్కడే, వంటగది నేల మీద కూలబడి, మొహం చేతుల్లో పెట్టుకుంది. నవ్వుతోందా ఏడుస్తోందా అని నేనూ వంగి చూశాను. రెండూ.

"ప్రతి రోజూ ఫైలు తెరిచేముందు, ఇందులో మన వంటగది ఉంటుందేమో అనిపించేది అత్తయ్యా. ముక్కయితే గోడకు పొగ వస్తే మోగే గంట తగిలించేదాన్ని. మతి అయితే ఏం తగిలించేదాన్ని?"

ఈ సంగతి నాకు తట్టలేదు. ఆ మీటలు నా మీద కక్షతో పట్టుకుపోతోందనే ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో రాయించాను. రాసింది కొట్టేయకు. కానీ దాని పక్కన ఇది కూడా రాయి.

"లే, లే, నేల మీద మైదా ఉంది, చీర పాడవుతుంది" అన్నాను. చేయి పట్టి లేపాను.

పాకం ట్రేలో పోసి చల్లార్చి, ముక్కలు కోసి, పిండిముద్దలో దూర్చి, ఓవెన్‌లో పెట్టాం. సగం కాలిన బిస్కెట్లలాగే బయటికి తీయించింది మనవరాలు. "చల్లారితే సరిపోతాయి నానమ్మా, ముట్టుకోకు!" అని నా చేతి మీద కొట్టింది. డబ్బాలో సర్దుకుని, ఒక చెప్పు వేసుకుని ఇంకో చెప్పు మెట్ల మీద వేసుకుంటూ పరిగెత్తింది.

ఇక గెలుపు ఎవరిది? పందెం ఏమిటి? మాడకూడదని. మాడలేదు. కాబట్టి గెలిచింది నేను. "ఇప్పుడు అని చెప్పింది నేను కదా" అంది కోడలు. "కలిపిందెవరు?" అన్నాను. మా అబ్బాయి నోరు తెరిచాడు. "నువ్వు పేపరు తిప్పి చదువుకో నాయనా" అన్నాం, ఇద్దరం ఒకేసారి.

ఆదివారం

దర్జీకి చెప్పాను. నేనే వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, నా ముక్కు పోయింది, నీ పిండి ముందే పోయింది, నీ ఇస్త్రీ పెట్టె మీద చెప్పింది అబద్ధం అన్నాను. ఇస్త్రీ సంగతి అతనికి అప్పుడే తెలిసింది. చెప్పకుండా ఉండాల్సింది.

"మరి ఇప్పుడు మిమ్మల్ని ఏమని పిలవాలండీ?" అన్నాడు.

"అలాగే పిలువు. పింఛను తీసుకుంటున్న ముక్కు."

మనవరాలికి పని దొరికింది. బేకరీ ఆయన ఒకటి తిని, ఇంకోటి తిని, మూడోది కాగితంలో చుట్టి వాళ్ళావిడ కోసం జేబులో పెట్టుకున్నాడట. డబ్బా మీద ఇది రాసిన పేరు చూసి, "కమురుమెల్ల అంటే ఏమిటి?" అని అడిగాడట. "మా నానమ్మ భాషలో క్యారమెల్ అండీ. మెల్లగా కమరాలని అర్థం" అందట ఇది. "క్యారమెల్ అంటే అదే కదమ్మా" అన్నాడట ఆయన. నేను మొదటి నుంచీ చెప్తున్నాను.

పొయ్యికి నాలుగు మీటలూ వచ్చాయి. అంచు పగిలినది కూడా. ఒక షరతు ఉంది. పొయ్యి వెలిగినప్పుడు నా పక్కన ఒక ముక్కు ఉండాలి, ఎవరిదైనా సరే. పగటిపూట ఆ ఉద్యోగం చెల్లికి ఇచ్చాం. జీతం లేదు. దగ్గకూడదు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళడం మాత్రం తప్పలేదు. డాక్టరు మారాడు, మతి డాక్టరు పోయి ముక్కు డాక్టరు వచ్చాడు. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, చూద్దాం అని ఫోన్లో అన్నారట. నేనూ అదే అంటున్నాను, చూద్దాం.

మాకోసం మిగిల్చిన కుకీలు టీ వేళకు తీశాం. కొరికాను. తీపి తెలిసింది. ఉప్పు తెలిసింది. అంచు కరకరలాడింది, మధ్యలో సాగింది. వాటి నడుమ ఉండాల్సినదేదో, ఎవరో కుర్చీ ఖాళీ చేసి వెళ్ళినట్టు, లేదు.

"ఎలా ఉందో చెప్పండి" అన్నాను. "వాసన."

"బాగుందమ్మా" అన్నాడు మా అబ్బాయి.

"బాగుంది అంటే నాకేం తెలుస్తుందిరా? సరిగ్గా చెప్పు."

"చాలా బాగుంది."

వీడితో లాభం లేదు. మనవరాలు, "ఎలా చెప్పాలి నానమ్మా..." అని పైకప్పు వైపు చూసి, ఇంకోటి తిని, మళ్ళీ పైకప్పు వైపు చూసింది. చెల్లి, "ఆఖరి రైలు టికెట్లు ఇచ్చేసి, కిటికీ మూసి, ఫ్లాస్కులో టీ వంచుకున్నట్టుంది" అంది. ఇది కాస్త నయం. ఆ టీ నేనే పెట్టి పంపేదాన్ని.

కోడలి వంతు వచ్చింది. కుకీని రెండుగా విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, బాణలి మీద వంగినట్టే కళ్ళు సగం మూసింది. ఆఫీసులో రాసేటప్పుడు కూడా అలాగే మూస్తుందేమో.

"అంటుకోబోయి, ఎందుకో మనసు మార్చుకున్న ఇంటిలా ఉంది అత్తయ్యా" అంది.

ఇది రాయి చెల్లీ. ఇది మాత్రం రాయి.